స్కాపా ఫ్లో చల్లని నీటిలో మునిగి ఉన్న జర్మన్ యుద్ధనౌకల దగ్గర డైవింగ్: ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: ఓడలరేవు అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది కోనసీమలోని ఓడలరేవు. చమురు, సహజవాయువు రంగంలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. వచ్చే సంవత్సరం ఉద్యోగరీత్యా స్కాట్లాండ్‌లోని అబర్డీన్ వెళ్ళి రెండేళ్ళు అక్కడే ఉండబోతున్నాను. ఆ ఊరికి ఉత్తరాన, ఆర్క్నీ దీవుల నడుమ స్కాపా ఫ్లో అనే సహజ నౌకాశ్రయం ఉందని, మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక జర్మన్ నావికులు తమ యుద్ధనౌకలను అక్కడ తామే ముంచేశారని, వాటిలో ఏడు పెద్ద ఓడలు ఇప్పటికీ అడుగున ఉన్నాయని చదివిన నాటి నుంచి వాటిని కళ్ళారా చూడాలన్న కోరిక నన్ను వదలడం లేదు.

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసి, ఆ తరువాత కూడా వీలు దొరికినప్పుడల్లా అక్కడికే వెళ్ళి డైవింగ్ చేస్తూ వచ్చాను. అయితే నా అనుభవమంతా 28 డిగ్రీల వెచ్చని నీటిలోనిది. పలచని వెట్‌సూట్, ఒక సిలిండర్, పైనుంచి చూస్తే అడుగున ఇసుక రేణువులు కూడా కనిపించేంత తేటనీరు మాత్రమే నాకు తెలుసు. ఇంత చల్లని నీటిలో, అంత లోతులో, పాత ఇనుప ఓడల చుట్టూ తిరగడానికి నాకున్న శిక్షణ సరిపోతుందా? చలి మనిషినే కాక పరికరాలను కూడా దెబ్బతీస్తుందని విన్నాను, అది ఏ విధంగా జరుగుతుంది? ఏ ఓడతో మొదలుపెట్టాలి, లోపలికి వెళ్ళవచ్చా? ఈ విషయాలు తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం, తుఫానులకు ఎన్నో ఓడలను పోగొట్టుకున్న మన తీరం ఉండగా అంత దూరం ఎందుకని అడుగుతున్నారు. వారికి ఏమని సమాధానం చెప్పాలో కూడా తెలియజేస్తే సంతోషిస్తాను.

జవాబు 1: రాజోలు, ప్రస్తుతం అబర్డీన్

నమస్కారమండీ. ముందుగా సూటిగా చెబుతాను: ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో ఈ ఓడల మీదికి వెళ్ళకండి. ఆ శిక్షణ 18 మీటర్ల లోతు వరకే ఉద్దేశించినది. ఏడింటిలో తక్కువ లోతులో ఉన్న కార్ల్స్‌రూహె కూడా సుమారు 25 మీటర్ల అడుగున కుడి పక్కకు ఒరిగి పడి ఉంది. దాని పైఅంచు 15 మీటర్ల దగ్గరే తగులుతుంది కాబట్టి పైపైన చూసి వచ్చేద్దామని అనిపించవచ్చు. కానీ చుట్టూ ఆకుపచ్చని మసక, ముందు ఒక ఇనుప గోడ కిందికి దిగిపోతూ ఉంటే, ఆ గోడ వెంబడే లోతుకు జారిపోవడం ఎంత తేలికో అక్కడికి వెళ్ళినవారికి తెలుసు. అడ్వాన్స్‌డ్ కోర్సు, దానితో పాటు 30 మీటర్లకు మించిన లోతుకు తగిన శిక్షణ, అన్నిటికంటే ముఖ్యంగా డ్రైసూట్ అలవాటు లేనివారిని అక్కడి పడవల వాళ్ళు కూడా సాధారణంగా ఎక్కించుకోరు.

స్కాపా ఫ్లోలో నీటి ఉష్ణోగ్రత ఏప్రిల్ నెలలో 7, 8 డిగ్రీలు ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి 13, 14 డిగ్రీలకు చేరుతుంది, అంతకు మించి పెరగదు. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి అక్కడ వెట్‌సూట్‌తో అరగంట గడపడం కూడా కష్టం. డ్రైసూట్ అంటే మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగుతైన రబ్బరు పట్టీలతో నీటిని పూర్తిగా బయటే ఆపే దుస్తులు. లోపల దట్టమైన ఉన్ని వంటి దుస్తులు వేసుకుంటాం, వాటిలో నిలిచిన గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. లోతుకు దిగేకొద్దీ ఆ గాలి నొక్కుకుపోయి సూట్ ఒంటిని పిండుతుంది. అప్పుడు ఛాతీ మీద ఉన్న మీట నొక్కి సిలిండర్ నుంచి కొంత గాలి లోపలికి పంపాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి, ఎడమ భుజానికి కాస్త కింద ఉండే కవాటం గుండా అది బయటికి పోయేలా మోచేతిని ఎత్తి పట్టుకోవాలి. చెప్పడానికి ఇంతే. అయితే తల కిందికి, కాళ్ళు పైకి వంగిన క్షణంలో ఆ గాలంతా పాదాల వైపు పరుగెత్తితే, భుజం దగ్గరి కవాటం దాన్ని వదలలేదు, మనిషి తలకిందులుగా పైకి లేచిపోతాడు. ఆ స్థితిలో మోకాళ్ళు ముడుచుకుని పల్టీ కొట్టి నిటారుగా రావడం డ్రైసూట్ కోర్సులో మొదట నేర్పే విషయం. అది ఆలోచించి చేసే పనిగా కాక, ఒంటికి పట్టిన అలవాటుగా మారేదాకా లోతైన చోటికి వెళ్ళకూడదు.

పరికరాల సంగతికి వస్తే, మీరు విన్నది నిజమే. సిలిండర్‌లో 200 బార్ల పీడనంతో ఉన్న గాలి, ఆ పీడనాన్ని తగ్గించి మన నోటికి అందించే రెగ్యులేటర్ అనే పరికరం మొదటి దశలో ఒక్కసారిగా తక్కువ పీడనానికి దిగుతుంది, దిగుతూ చల్లబడుతుంది. వంటగ్యాస్ సిలిండర్‌ను ఎక్కువ మంటతో చాలాసేపు వాడినప్పుడు దాని ఒంటి మీద మంచు పట్టినట్టే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే చుట్టూ ఉన్న నీరు కూడా చల్లనిదే కాబట్టి ఆ మంచు కరగడానికి వేడి దొరకదు. కవాటం తెరుచుకుని అలాగే గడ్డకట్టిందంటే గాలి ఆగకుండా ధారగా పోతుంది, లోతులో అయితే కొద్ది నిమిషాల్లోనే సిలిండర్ ఖాళీ అవుతుంది. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 250 ప్రకారం, 10 డిగ్రీల కంటే చల్లని నీటికి పనికిరాని రెగ్యులేటర్ మీద ఆ హద్దును తెలిపే గుర్తు వేసి ఉండాలి. అండమాన్‌లో వాడిన రెగ్యులేటర్‌ను వెంట తెచ్చుకోవాలనుకుంటే ముందు ఆ గుర్తు ఉందో లేదో చూడండి. నీటిలోకి దిగకముందు చలిగాలిలో నిలబడి దాని గుండా ఊపిరి పీల్చడం, మీట నొక్కి గాలి వదిలి చూడడం వంటివి చేయవద్దు, తేమ లోపలికి చేరి గడ్డకట్టేది అప్పుడే. లోతులో సూట్‌లోకి గాలి నింపుతూ అదే క్షణంలో గట్టిగా ఊపిరి పీల్చడం కూడా మంచిది కాదు.

ఇక గాలి లెక్క. ఇక్కడ నేర్చుకునేవారు ఎక్కువగా వాడేది 12 లీటర్ల ఉక్కు సిలిండర్, 200 బార్ల దగ్గర అందులో 2400 లీటర్ల గాలి ఉంటుంది. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 30 మీటర్ల లోతులో పీడనం నాలుగింతలు కాబట్టి నిమిషానికి 80 లీటర్లు కావాలి. చివరి 50 బార్లను అత్యవసరానికి పక్కన పెడితే మిగిలేది 1800 లీటర్లు, అంటే దిగడం, పైకి రావడం అన్నీ కలుపుకుని 22 నిమిషాలు. చలికి, కంగారుకు ఊపిరి వేగం పెరిగి 25 లీటర్లయితే 18 నిమిషాలే. అందువల్లే అక్కడ చాలామంది జంట సిలిండర్లతో, వాటికి వేరువేరు కవాటాల మీద రెండు రెగ్యులేటర్లతో వెళతారు. ఒకటి గడ్డకడితే దాన్ని మూసి రెండోదానితో పైకి రావచ్చు. లోతులో పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో చేరుతుంది, అది బయటికి పోకముందే పైకి వచ్చేస్తే బుడగలై ప్రమాదం తెస్తుంది. 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ అనే గాలి మిశ్రమం వాడితే ఆ నైట్రోజన్ భారం తగ్గుతుంది, కానీ దానితో 33 మీటర్లు దాటకూడదు.

మరొక విషయం చాలామంది పట్టించుకోరు. అడుగున ఉన్నప్పుడు ఒళ్ళు వెచ్చగా ఉండి రక్తప్రసరణ చురుగ్గా సాగితే నైట్రోజన్ బాగా చేరుతుంది. పైకి వచ్చే వేళకు చేతులు, కాళ్ళు చల్లబడితే రక్తనాళాలు కుంచించుకుని, చేరిన నైట్రోజన్ బయటికి పోవడం నెమ్మదిస్తుంది. డైవ్ కంప్యూటర్‌కు మీ వేళ్ళు మొద్దుబారిన సంగతి అన్ని వేళలా తెలియదు. కాబట్టి చలి పుట్టడం మొదలైతే కంప్యూటర్ ఇంకా సమయం చూపిస్తున్నా సరే బయలుదేరాలి.

నా సలహా ఏమిటంటే, మొదటి వేసవి అంతా శిక్షణకు కేటాయించండి. డ్రైసూట్ కోర్సు చేసి, పశ్చిమ తీరంలోని లాంగ్, ఫైన్ అనే సముద్రపు పాయల్లో గాని, ఇంగ్లండ్‌లోని కేపర్న్‌రే వంటి నీరు నిండిన పాత క్వారీలో గాని సాధన చేయండి. రెండో వేసవిలో స్కాపా ఫ్లోకు వెళ్ళవచ్చు. అబర్డీన్ నుంచి ఆర్క్నీలోని కిర్క్‌వాల్‌కు నేరుగా ఫెర్రీ ఉంది. డైవింగ్ పడవలు ఎక్కువగా అక్కడి స్ట్రామ్‌నెస్ రేవు నుంచి బయలుదేరతాయి. మొదట, ఈ ఏడింటిలో చేరని, 18 మీటర్ల లోపు ఉన్న ఎఫ్2 అనే చిన్న జర్మన్ ఓడను చూసి, ఒళ్ళు కుదుటపడ్డాక కార్ల్స్‌రూహె, ఆ తరువాత 35 మీటర్ల చుట్టుపక్కల ఉన్న కోల్న్, బ్రుమ్మర్ చూడండి. కోనిగ్, మార్క్‌గ్రాఫ్, క్రోన్‌ప్రింజ్ విల్‌హెల్మ్ అనే మూడు పెద్ద యుద్ధనౌకలు 40 మీటర్ల దరిదాపుల్లో బోర్లా పడి ఉన్నాయి. వాటిని ఈ రెండేళ్ళలో చూసి తీరాలని పట్టు పట్టకండి.

జవాబు 2: కాకినాడ, విశ్రాంత డైవరు

నేను చమురు వేదికల దగ్గర, సముద్రగర్భ పైపులైన్ల మీద పనిచేసినవాడిని. పైన రాసినదంతా సరైనదే. ఓడ లోపలికి వెళ్ళవచ్చా అన్న మీ ప్రశ్నకు మాత్రమే నేను జవాబు చెబుతాను: వెళ్ళవద్దు.

మన గోదావరి ముఖద్వారాల దగ్గర కళ్ళతో చేసే పని చాలా తక్కువ. వరదల కాలంలో ఎర్రనీరు సముద్రంలోకి చాలా దూరం వెళుతుంది. ముఖానికి ఆనించి పట్టుకున్న గేజీ కూడా కనిపించని నీటిలో తడుముకుంటూ పనిచేయడం ఇక్కడి డైవర్లకు అలవాటే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ లాంచీని ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లు, ఇనుప తాళ్ళు వేసి లాగి, అక్టోబరు 22న బయటికి తెచ్చిన సంగతి మనందరికీ గుర్తుంది. ఆ సుడుల్లో, ఆ బురదనీటిలో ఎవరైనా దిగి చూసి పనిచేయడం ఎంత ప్రమాదకరమో అప్పుడు ఊరంతా గ్రహించింది. అయితే మసకనీటికి అలవాటుపడ్డవారికి కూడా మునిగిన ఓడ లోపలి భాగం కొత్త ప్రదేశమే. బయట ఎంత మసకగా ఉన్నా తల పైన ఆకాశం ఉంటుంది, లోపల ఇనుము ఉంటుంది.

కార్ల్స్‌రూహె, కోల్న్, బ్రుమ్మర్ వంటి క్రూయిజర్లు, అంటే పెద్ద యుద్ధనౌకల కంటే చిన్నవి, పక్కకు ఒరిగి ఉన్నాయి కాబట్టి వాటి నేల నిలువు గోడ అయింది, గోడ పైకప్పు అయింది, తలుపు బావి నోరులా అడుగున తెరుచుకుంది. నూరేళ్ళకు పైగా ఉప్పునీటిలో నానిన రేకులు పలచబడి ఒకదాని మీద ఒకటి కూలుతున్నాయి. పైగా 1960, 70ల్లో లోహాల కోసం ఇంజను గదులను పేల్చి తెరిచిన చోట్ల అంచులు చిరిగి, పదునుగా ఉన్నాయి. లోపల పేరుకున్న మెత్తని మడ్డి ఒక్క కాలి ఊపుకు లేచి దారిని కప్పేస్తుంది, అది మళ్ళీ అడుగుకు చేరేలోపు మీ గాలి అయిపోతుంది. తాడు కట్టుకుని లోపలికి వెళ్ళి, అదే తాడు పట్టుకుని వెనక్కి రావడం ప్రత్యేకమైన విద్య, అది వేరే కోర్సు.

తెగిపోయిన చేపల వలలు, గేలపు తాళ్ళు ఓడల మీద వేలాడుతూ ఉంటాయి. ఒకటి చేతికి అందే చోట ఛాతీ దగ్గర, మరొకటి వేరే చోట, మొత్తం రెండు కత్తులు ఉంచుకోండి. దళసరి చేతి తొడుగులు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఆ కత్తిని ఒర నుంచి తీసి తాడు కోసి మళ్ళీ ఒరలో పెట్టడం ఒడ్డున కూర్చుని పదేపదే సాధన చేయండి. చలికి మొదట పనిచేయడం మానేసేది వేళ్ళే.

జవాబు 3: యానాం, చరిత్ర ఉపాధ్యాయుడు

మీ పెద్దవాళ్ళు వేసిన ప్రశ్న చాలా విలువైనది. దానికి నాకు తెలిసినంతలో సమాధానం రాస్తున్నాను.

కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరు పొందిన రేవు. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ వారు 17వ శతాబ్దంలోనే ఓడలు కట్టించుకున్నారు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి వచ్చిన తుఫానుల ఉప్పెన కోరంగిని, రేవులోని ఓడలను తుడిచిపెట్టింది. అయినా వాటిని చూడడానికి మనం డైవింగ్ చేయలేం. అవి చెక్క ఓడలు. మన వెచ్చని ఉప్పునీటిలో చెక్కను తొలిచి తినే టెరెడో పురుగు బురదలో కూరుకోకుండా బయట ఉన్న ఏ దుంగనూ ఎక్కువ కాలం మిగల్చదు, మడ అడవుల్లో పడిపోయిన మానులను చీల్చి చూస్తే దాని పని ఎలాంటిదో తెలుస్తుంది. 1628లో స్టాక్‌హోమ్ రేవులో మునిగిన వాసా అనే ఓడ 1961లో దాదాపు చెక్కుచెదరకుండా పైకి వచ్చిందంటే, బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువై ఆ పురుగు బతకలేకపోవడమే ముఖ్య కారణం.

రెండో సంగతి ఒండ్రు. గోదావరి తెచ్చి పోసే మట్టితో తీరం ముందుకు జరిగింది, హోప్ ఐలాండ్ వంటి ఇసుక దిబ్బ సముద్రంలో పొడుచుకొచ్చింది. ఒకప్పుడు ఓడలు లంగరు వేసిన చోట ఈనాడు మడ చెట్లు ఉన్నాయి. కాబట్టి ఆనాటి ఓడల అవశేషాలేవైనా మిగిలి ఉంటే అవి నీటి అడుగున కంటే నేల అడుగునే ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఇది నిరాశపడవలసిన విషయం కాదు. గాలి చొరబడని బురదలో పురుగు బతకదు. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో బురదలో కూరుకున్న సగభాగమే నిలిచింది, 1982లో దాన్ని పైకి తీశారు. మన డెల్టాలో ఆ పని చేయవలసింది డైవర్లు కాదు, భూమిలోకి తరంగాలు పంపి పరిశీలించే పురావస్తు పరిశోధకులు. ఆ పరిశోధన జరగాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

స్కాపా ఫ్లోకు వెళ్ళేముందు మీరు చూడబోయేది ఏమిటో బాగా చదువుకుని వెళ్ళండి. యుద్ధవిరమణ తరువాత అక్కడ నిర్బంధంలో ఉంచిన జర్మన్ నౌకలు 74. సంధి షరతులు తేలకముందే అవి బ్రిటన్ వశమవుతాయన్న భయంతో, 1919 జూన్ 21 ఉదయం రియర్ అడ్మిరల్ లుడ్విగ్ ఫాన్ రాయిటర్ ముందే నిర్ణయించుకున్న సంకేతం ఇచ్చాడు, నావికులు అడుగు కవాటాలు తెరిచారు. కాపలా ఉన్న బ్రిటిష్ నౌకాదళం ఆ రోజు విన్యాసాల కోసం బయటి సముద్రంలో ఉంది. మధ్యాహ్నం 12 గంటల 16 నిమిషాలకు ఫ్రెడరిక్ డెర్ గ్రోస్సె మొదట మునిగింది, సాయంత్రం 5 గంటలకు హిండెన్‌బర్గ్ చివరిగా మునిగింది. మొత్తం 52 నౌకలు. ఆ రోజు జరిగిన కాల్పుల్లో తొమ్మిదిమంది జర్మన్లు మరణించారు. ఆ నౌకలను చూపించడానికి విహారయాత్రగా పడవలో తీసుకువచ్చిన స్ట్రామ్‌నెస్ బడిపిల్లలు, కళ్ళ ముందే ఓడలన్నీ ఒరిగి మునిగిపోవడం చూశారు. పిల్లలకు పాఠం చెప్పే ప్రతిసారీ నాకు ఆ పడవే గుర్తుకు వస్తుంది. 1924 నుంచి ఎర్నెస్ట్ కాక్స్ అనే పాత ఇనుము వ్యాపారి, అంతకుముందు ఓడలను పైకి తీసిన అనుభవం ఏమీ లేకుండానే, వాటిలో చాలావాటిని ఒక్కొక్కటిగా తేల్చి అమ్మాడు. అలా మిగిలినవే ఈ ఏడు.

ఇవి ఏడూ చట్టప్రకారం రక్షిత కట్టడాలు. చూడవచ్చు, ఫోటో తీయవచ్చు, ఒక చిన్న మేకును కూడా తీసుకురాకూడదు. అదే నౌకాశ్రయంలో 1939 అక్టోబరు 14న జర్మన్ జలాంతర్గామి యు-47 ముంచిన బ్రిటిష్ యుద్ధనౌక రాయల్ ఓక్ కూడా ఉంది. ఎనిమిది వందల మందికి పైగా నావికులకు సమాధి అయిన ఆ ఓడ దగ్గరికి డైవింగ్ నిషిద్ధం. 1971 డిసెంబరులో విశాఖ తీరాన మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి మనం ఏ గౌరవంతో మాట్లాడాలో, ఆ ఓడ గురించి కూడా అదే గౌరవంతో మాట్లాడాలి.

ప్రశ్న వేసినవారు: ఓడలరేవు అమ్మాయి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మాస్టారు గారి జవాబును మా నాన్నగారికి చదివి వినిపించాను. కోరంగి ఓడల గురించి ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నారు. రెండో వేసవికి కార్ల్స్‌రూహె, వీలైతే కోల్న్ చూడాలని, ఓడల లోపలికి వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాను. రాజోలు వారిని ఒక చిన్న విషయం అడగాలి. నాకు పొడవైన జడ ఉంది. డ్రైసూట్ మెడ పట్టీతో దానికి ఇబ్బంది ఉంటుందా? సూట్ అద్దెకు తీసుకోవాలా, కొనుక్కోవాలా?

జవాబు: రాజోలు, ప్రస్తుతం అబర్డీన్

నా భార్య కూడా డైవింగ్ చేస్తుంది కాబట్టి ఆవిడను అడిగి రాస్తున్నాను. మెడ పట్టీ కింద పది వెంట్రుకలు ఇరుక్కున్నా చాలు, వాటి వెంట నీరు పాకి వీపంతా తడిసిపోతుంది. జడను పైకి చుట్టి, పలచని టోపీతో బిగించి, ఆ తరువాతే తలను పట్టీలోంచి దూర్చాలి. తొడిగాక పట్టీ చుట్టూ వేలు పోనిచ్చి, వెంట్రుకలేవీ లేవని పక్కనున్నవారి చేత చూపించుకోవాలి. డైవింగ్‌కు ముందు తలకు కొబ్బరినూనె రాయకండి. నూనె తగిలితే లేటెక్స్ పట్టీ జిగురుగా మారి, కొద్ది కాలానికే చిరిగిపోతుంది. ఇది కోనసీమ నుంచి వచ్చేవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. సిలికాన్ పట్టీలు మెత్తగా ఉంటాయి, చిరిగితే పడవ మీదే మార్చుకోవచ్చు, దొరికితే అవే ఎంచుకోండి. ఉంగరాలు, గాజులు తీసి ఇంట్లో పెట్టి రండి. పిడికిలి గట్టిగా బిగించినప్పుడు మణికట్టు నరాలు పొంగి, వాటి పక్కన ఏర్పడే సందు గుండా కూడా నీరు వస్తుంది, కాబట్టి తాడును వదులుగా పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

మొదటి వేసవికి సూట్ అద్దెకు తీసుకోండి. లోపల వేసుకునే వెచ్చని దుస్తులు మాత్రం మీ కొలతకు సరిపోయేవి సొంతంగా కొనుక్కోండి. ఆ దుస్తుల వల్ల ఒంటి చుట్టూ గాలి పెరుగుతుంది, నీటిలో తేలిపోకుండా కట్టుకునే సీసం అండమాన్‌లో మూడు నాలుగు కిలోలు సరిపోయిన మనిషికి ఇక్కడ పది కిలోలు దాటవచ్చు. బరువు ఎంత కావాలో ప్రతి కొత్త దుస్తులతోనూ ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీటిలో, సిలిండర్ దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు సరిచూసుకోవాలి. మీరు అబర్డీన్ చేరాక ఇక్కడే ఒక మాట రాయండి, మొదటి సాధనకు మేమిద్దరం మీతో వస్తాం.